వెనక చూసే కెమెరా

భావనపాడు,
ఆగస్టు.

ఒరే యుగంధర్,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నవ్వుకో. మా రొయ్యల ఫ్యాక్టరీలో లోపలికి ఫోను పోనివ్వరు, గేటు దగ్గరే పెట్టి వెళ్ళాలి. ఇంటికొచ్చి మాట్లాడదామంటే మా వీధిలో గోడకీ గోడకీ మధ్య గాలి కూడా దూరదు. నేను ఇక్కడ హలో అంటే పక్కింటి తాతమ్మ అక్కడ ఊ కొడుతుంది. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ క్యాంటీన్లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా ఫోన్ చెయ్యకుండా ఫ్యాక్టరీ అడ్రసుకే రాయి.

సంగతేమిటంటే, నా సైకిలుకి ఒక వీడియో కెమెరా కావాలి. నువ్వు సాలూరులో లారీలకి కెమెరాలు బిగించి బతుకుతున్నావు కాబట్టి నిన్ను కాక ఎవర్ని అడుగుతాను. వానలకి రోడ్డు పోయిందని మా ఊరి వైపు కంపెనీ బస్సు మానేశారు. మొదటి షిఫ్టు ఆరింటికి. నేనిప్పుడు సూపర్‌వైజర్ని, అందరికంటే ముందుండాలి. చీకటితోనే బయల్దేరి సరుగుడు తోటలూ ఉప్పు మళ్ళూ దాటుకుని సైకిల్ మీద పోతున్నాను. దారిలో కుక్కలు ఎక్కువయ్యాయి, రాళ్ళ లారీలు రాసుకుంటూ పోతున్నాయి. రేపు ఏదైనా అయితే సాక్ష్యం ఉండాలి కదా.

నాకు తెలియాల్సింది ఇంతే. కెమెరా వెనక్కి చూసేలా బిగించొచ్చా? చీకట్లో బండి నంబరు కనపడుతుందా? తీస్తున్నప్పుడు లైటు వెలుగుతుందా, వెలిగితే దాన్ని ఆపొచ్చా?

మీ బావ గుజరాత్‌లో వేరావల్ చేరాడు, చేపల బోటు ఎక్కుతున్నామని ఫోన్ చేశాడు. మా అత్త లక్ష్మణమ్మ ఎప్పటిలాగే ఉంది, చేపల గంప మానమంటే మానదు.

నీ అప్ప,
హేమ

*

సాలూరు,
ఆగస్టు ఆఖరు.

అప్పా,

పోస్టుమాన్ కవరు చేతికిస్తే బ్యాంకు నోటీసనుకున్నాను. నీ దస్తూరీ చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి ఉత్తరం చివరిదాకా నిలవలేదులే, అది తర్వాత చెప్తాను.

నా షాపులో ఉండేవి లారీ బ్యాటరీ మీద బతికే కెమెరాలు. లారీ బ్యాటరీ క్యారియర్ మీద పెట్టుకుని తొక్కుతానంటే బిగిస్తాను. సైకిలుకి పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి హ్యాండిలుకి తగిలించే చిన్న డబ్బా. బొమ్మ అద్దంలా వస్తుంది, గతుకుల్లో కూడా పెద్దగా ఊగదు. కాని ఎవరికైనా కనపడుతుంది, అది కెమెరా అని చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. రెండోది సీటు కింద గొట్టానికి బిగించే ఎర్రలైటు. చూడ్డానికి ఉత్త వెనకలైటే, మధ్యలో మాత్రం మినపగింజంత కన్ను ఉంటుంది. బొమ్మ కొంచెం తక్కువ రకం. చీకట్లో నంబరంటావా, రెండింటితోనూ కష్టమే. వెడల్పుగా చూసే కెమెరాలో దూరపు నంబరు చీమంత ఉంటుంది. బండి బాగా దగ్గరకొచ్చి, కాస్త వెలుగూ ఉంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మాట. మా లారీవాళ్ళందరూ కెమెరా ముందుకి పెట్టమంటారు. వెనక్కి పెట్టమని అడిగేవాడు అప్పటికే డీజిలు పోగొట్టుకున్నవాడై ఉంటాడు. నువ్వు వెనక్కి అన్నావు. కుక్కలన్నావు. కుక్కలకి నంబరు ప్లేటు ఎక్కడుంది అప్పా? రాళ్ళ లారీకి భయపడేవాళ్ళు లైటు ఇంకా పెద్దగా వెలగాలంటారు గాని ఆపొచ్చా అని అడగరు.

ఎవడు వాడు?

తమ్ముడు,
యుగంధర్

*

భావనపాడు,
సెప్టెంబరు.

ఒరే తమ్ముడూ,

చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే నీ చెవులు చూసి చెప్పేసేదాన్ని. ఇప్పుడు నీ వంతు వచ్చింది. సరే, చెప్తాను.

ఒక మోటారు సైకిలు. హెడ్‌లైటు వెయ్యడు. సరుగుడు తోటల్లో ఎక్కడో ఆగి ఉంటాడు, నేను దాటగానే వెనక స్టార్టయిన చప్పుడు వస్తుంది. ముందుకు పోడు. నేను మెల్లగా తొక్కితే మెల్లగా, జోరుగా తొక్కితే జోరుగా. ఉప్పు మళ్ళు దాటి పెద్ద రోడ్డు కనిపించాక వెనక్కి తిరిగిపోతాడు. రోజూ రాడు. రాని రోజు ఇంకా భయం, ఎక్కడ ఉన్నాడోనని. మొన్న కాలితో నా క్యారియర్‌ని నెట్టాడు. పడలేదు గాని సైకిలు ఊగిపోయింది. తలకి హెల్మెట్టు, ఒక్క మాట లేదు. ఫ్యాక్టరీకి పోయాక గ్లవ్స్ వేసుకోబోయి రెండుసార్లు కింద పడేశాను. చలి గదిలోంచి వచ్చానని అందరికీ చెప్పాను.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, మా వీధిలో దేవి అని ఒక పిల్ల ఉంది. నాతోపాటే మొదటి షిఫ్టుకి వచ్చేది. నిరుడు ఎవడో వెంటపడితే ఇంట్లో చెప్పింది. మా ఊళ్ళో నేరుగా పోలీసుల దగ్గరకి పోకూడదు, ముందు ఊరి పెద్దల ముందు పెట్టాలి. అది కట్టుబాటు. దాటిన ఇంటికి దండుగ వేస్తారు, పడవ ఒడ్డుకి లాగడానికి కూడా ఒక్క చెయ్యి సాయం రాదు. పెద్దలు కూర్చున్నారు. వాడికి దండుగ వేశారు, కట్టేశాడు, ఎప్పటిలా తిరుగుతున్నాడు. ఆడపిల్లలు చీకటి షిఫ్టులకి పోకపోతే ఇలాంటివి రావు కదా అని కూడా అన్నారు. తప్పు చేసింది వాడు, ఇంట్లో కూర్చున్నది దేవి.

నాకు ఆ తీర్పు వద్దు. మా ఊరి ఆడవాళ్ళలో సూపర్‌వైజరు తెల్లకోటు వేసుకుని లైను ముందు నిలబడింది నేనొక్కదాన్ని. ఎన్నేళ్ళు రొయ్య తలలు తుంచితే ఆ కోటు వచ్చిందో నీకు తెలుసు. సాక్ష్యం లేకుండా నోరు తెరిస్తే అది పోతుంది. వాడెవడో బొమ్మలో పట్టుకున్నాకే మాట్లాడతాను. ఇప్పుడు చెప్పు, ఏ కెమెరా?

హేమ

*

సాలూరు,
సెప్టెంబరు.

అప్పా,

నీ ఉత్తరం చదివి షాపు మూసేసి ఇంటికి పోయాను.

రేపట్నుంచి వెళ్ళొద్దు. సెలవు పెట్టు, ఒంట్లో బాగాలేదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. ప్రాణం ఉంటే కదా తెల్లకోటు. అత్తతో చెప్పెయ్యి. నువ్వు చెప్పకపోతే నేనే బావకి ఫోన్ చేస్తాను, తర్వాత నన్ను తిట్టుకున్నా సరే.

వెళ్ళక తప్పదంటావా, అయితే హ్యాండిలు రకమే తీసుకో, దాన్నే వెనక్కి తిప్పి పెడదాం. అందరికీ కనపడాలి. ఎర్రచుక్క మినుకు మినుకుమంటూ ఉండాలి. మా దగ్గర డీజిలు దొంగలకి ఇదే మందు. లోపల కెమెరా చచ్చిపోయి ఉన్నా ఫరవాలేదు, చుక్క వెలిగితే చాలు, దొంగ ఆ లారీ వదిలేసి పక్క లారీకి పోతాడు. వీడూ అంతే. పిరికివాడు కాకపోతే హెడ్‌లైటు ఎందుకు ఆపుకుంటాడు? నువ్వు వాణ్ణి పట్టుకోనక్కర్లేదు. వాడు నీ జోలికి రాకుండా ఉంటే చాలు.

ఈ ఒక్కసారికి నా మాట విను.

యుగంధర్

*

భావనపాడు,
సెప్టెంబరు.

యుగంధర్,

నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. దొంగ పక్క లారీకి పోతాడన్నావు. ఆ పక్క లారీ పేరు కుమారి. ఈ నెలలోనే పనిలో చేరింది. ఇరవై ఏళ్ళు కూడా లేవు. నా వెనకాలే అదే రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తుంది. నా సైకిలు మీద ఎర్రచుక్క మెరిపించి వాణ్ణి ఆ పిల్ల మీదకి తోలమంటావా?

నువ్వు పంపాల్సింది కనపడని కెమెరా. వాడు పారిపోవడం నాకు అక్కర్లేదు, వాడెవడో తెలియాలి.

పని మానెయ్యమన్నావు. ఊరి పెద్దలు చెప్పేదీ అదే. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోమని చెప్పడానికి సాలూరు నుంచి ఉత్తరమెందుకు, మా తాతమ్మ చాలు. మీ బావకి ఫోన్ చేస్తే సముద్రం మధ్యలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? నిద్ర మానేస్తాడు, లేదా నన్ను పని మానమంటాడు. నువ్వు ఫోన్ చేసిన రోజే మన ఉత్తరాలు ఆఖరు. నిజంగానే అంటున్నాను.

నేను నీ చెల్లెల్ని కాదు, అప్పని. గుర్తుపెట్టుకో.

హేమ

*

సాలూరు,
సెప్టెంబరు ఆఖరు.

అప్పా,

కోప్పడకు. ఎర్రలైటు కెమెరానే పంపుతున్నాను. బావకి ఫోన్ చెయ్యలేదు.

సీటు కింద గొట్టానికి గట్టిగా బిగించు, చీర కొంగు గాని సంచి గాని దానికి అడ్డం రాకూడదు. మీ ఉప్పుగాలికి ఇనుమే తినిపోతుంది, దీని రబ్బరు మూత ఎప్పుడూ నొక్కి ఉంచు. బయల్దేరేటప్పుడు ఒక్కసారి మీట నొక్కితే తీస్తుంది. చిప్ నిండితే పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది, అందుకని అవసరమైంది ఏ రోజుకారోజు ఫోన్లోకి దించుకో. వాడు వచ్చినప్పుడు వెనక్కి తిరిగి చూడకు. తిన్నగా తొక్కు.

ఇంకో మాట రాయాలి, చెయ్యి రావడం లేదు. ఆ చీకట్లో దూరంగా ఉంటే వాడి మొహం పడదు. దగ్గరకి రావాలి. మా అప్ప దగ్గరకి వాడు రావాలని కోరుకుంటూ కెమెరా అమ్మేవాణ్ణయ్యాను. నాకు ఏడుపొస్తోంది.

రోజూ ఇల్లు చేరాక ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. మాట్లాడక్కర్లేదు.

యుగంధర్

*

భావనపాడు,
అక్టోబరు.

ఒరే తమ్ముడూ,

కెమెరా బాగుంది. నువ్వూ మంచివాడివే, అప్పుడప్పుడు.

ఇదేమిటని అత్త అడిగింది. వెనకలైటు, లారీలకి నేను కనపడాలని అన్నాను. మంచి పనే చేశావంది. అబద్ధమాడినందుకు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వీడియోలు రోజూ దుప్పట్లో దూరి చూస్తున్నాను. చప్పుడు గోడ దాటకుండా మ్యూట్‌లో పెట్టుకుంటాను. మొదట్లో ఏమీ లేదు. రోడ్డు, నా వెనక కుక్క, ఒక పాల బండి, దూరంగా కుమారి. అంతా నా భ్రమేమో అనుకున్నాను, కొంచెం సంతోషం కూడా వేసింది. నిన్న వచ్చాడు. బొమ్మలో బూడిద రంగు ముద్దలా బండి, మధ్యలో హెల్మెట్టు. నంబరు ప్లేటుకి బురద పూసి ఉంది. రోడ్డు మీద బురద లేదురా. కావాలని పూసుకున్నాడు. నంబరు కనపడితే ఎవరి బండో నేను గుర్తుపడతానని వాడి భయం, అంటే వాడు నాకు తెలిసినవాడే.

అప్పట్నుంచి ఎవరు పలకరించినా చేతులకేసి చూస్తున్నాను, చెప్పులకేసి చూస్తున్నాను. నీళ్ళ కుళాయి దగ్గర, చేపల వేలం దగ్గర, అందర్నీ అనుమానిస్తున్నాను. ఈ ఊరికి పెళ్ళై వచ్చాక ఇన్నేళ్ళకి ఈ ఊరంటే భయం వేస్తోంది.

ఎల్లుండి దసరా. ఫ్యాక్టరీకి సెలవు. ఒక్కరోజైనా ఆ రోడ్డు మొహం చూడను.

హేమ

*

భావనపాడు,
దసరా వెళ్ళాక.

ఒరే తమ్ముడూ,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని తిట్టకు, ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టుకి కట్టు కట్టారు. ఎముక విరగలేదు. కుమారి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఇంటినిండా జనం, ఫోన్లో చెప్పే మాట కాదు.

దసరా మర్నాడు వచ్చాడు. ఉప్పు మళ్ళ దగ్గర తెలతెలవారుతోంది. కుమారికి ఆ రోజు సెలవు. అంత దగ్గరగా వాడు ఎప్పుడూ రాలేదు. మొదటిసారి మాట్లాడాడు, ఎగతాళిగా ఏదో అన్నాడు, అంతలోనే క్యారియర్‌ని తన్నాడు. పడ్డాను. బండి ఆపి హెల్మెట్టు పైకెత్తి నా మొహంలోకి చూశాడు. శివాజీ. అసిరయ్య పెద్ద కొడుకు. అసిరయ్య మా ఊరి పెద్దల్లో ఒకడు. శివాజీ నన్ను వదినా అని పిలుస్తాడు, పోయిన నెల నా సైకిలు చైను జారితే వాడే వేసిపెట్టాడు.

నేను లేవలేకపోయాను. అప్పుడు వాడు ఏం చేశాడో విను. అయ్యో వదినా పడిపోనావా అంటూ నన్ను లేపి, దారిన పోయే ఆటో ఆపి, సైకిలుతో సహా ఇంటిదాకా తెచ్చి దింపాడు. రోడ్డు పక్కన పడి ఉంటే తాను చూశానని వీధందరికీ చెప్పాడు. నేను మంచం మీద పడుకుని వింటున్నాను. మా అత్త వాడికి దండం పెట్టి టీ ఇచ్చింది. దొంగ చేతికి తాళాలిచ్చి కాపలా పెట్టినట్టయింది. ఇప్పుడు నేను వాడే తోశాడంటే ఎవరు నమ్ముతారు? సాయం చేసినవాడి మీద నింద వేసిందంటారు.

కెమెరా ఉంది కదా అనుకున్నాను. వాడి మొహం అంత దగ్గరగా వచ్చింది, వెలుగూ ఉంది. ఆశగా తెరిచాను. బొమ్మ మొత్తం పసుపు, మధ్యలో ఎర్రటి ముద్ద. మొదటినుంచి చివరిదాకా అంతే. పండగనాడు అత్త పడవకీ, వలకీ, కత్తిపీటకీ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఈ ఊళ్ళో చక్రం ఉన్నదేదీ బొట్టు లేకుండా దసరా దాటదు. సైకిలు హ్యాండిలుకీ చక్రాలకీ పెట్టడం నేనూ చూశాను. వెనకలైటుకి కూడా పెట్టిందని చూసుకోలేదు. సరిగ్గా కంటి మీద పెట్టింది. నేను చీకట్లో మీట నొక్కి బయల్దేరిపోయాను.

ఆవిణ్ణి ఏమనగలను? నా మేలు కోరే పెట్టింది.

ఓడిపోయాను రా.

హేమ

*

సాలూరు.

అప్పా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. మీ వైపు వచ్చే లారీ డ్రైవర్ అప్పారావు చేతికిస్తున్నాను, ఫ్యాక్టరీ గేటు దగ్గర కుమారికి అందిస్తాడు.

ఒక్క పని చెయ్యి, మిగతావన్నీ తర్వాత. ఆ కెమెరాని మళ్ళీ ఆన్ చెయ్యకు, ఆ రోజుది చెరిగిపోతే మళ్ళీ రాదు. నువ్వు ఎప్పుడూ మ్యూట్‌లోనే చూశానన్నావు. బొట్టు పెట్టింది కంటికి అప్పా, చెవికి కాదు. దానికి మైకు ఉంది. చప్పుడు పెంచి విను.

ఆదివారం నేను బయల్దేరి వస్తున్నాను. వద్దన్నా వస్తాను.

యుగంధర్

*

భావనపాడు,
నవంబరు.

ఒరే యుగంధర్,

నువ్వు వచ్చినప్పుడూ, వెళ్ళిన తర్వాతా జరిగింది రాస్తాను. నువ్వు ఉండగానే సగం చూశావు, కానీ నువ్వు వాకిట్లో పళ్ళు కొరుకుతూ తిరుగుతుంటే లోపల జరిగింది నీకు తెలియదు.

నువ్వు రాకముందే కుమారీ నేనూ తలుపేసుకుని విన్నాం. పసుపు బొమ్మ వెనక అంతా ఉంది. బండి స్టార్టవ్వడం, నా వెనకే గుడగుడమంటూ ఉప్పు మళ్ళదాకా రావడం. తర్వాత వాడి గొంతు. “ఏటి సూపర్వైజరమ్మా, ఎనక్కి సూడవేటి?” ఆ వెంటనే తన్నిన చప్పుడు, సైకిలు పడడం, నా కేక. వాడి నవ్వు. కాసేపటికి అదే గొంతు తేనెలా మారిపోయి, “అయ్యో వదినా, పడిపోనావా.” కుమారి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

నువ్వు వచ్చిన రోజు సాయంత్రం అత్తకి వినిపించాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి విని లేచిపోయి, శివాజీకి టీ ఇచ్చిన గ్లాసు తెచ్చి పెంటకుప్ప మీద పారేసింది. ఆ ఎర్రలైటే కెమెరా అని, దాని కంటి మీద బొట్టు పడిందని అప్పుడు చెప్పాను. పని మానెయ్యి అంటుందని, ఆ మాట కోసమే నేను మూడు నెలలుగా భయపడుతున్నానని నీకు తెలుసు. గడప మీద కూర్చుని నా కట్టు వైపు చూసింది.

“నా సేత్తోనే మూసీసినాను. నా నోటితోనే సెప్తాను,” అంది.

పెద్దల దగ్గర ఆడవాళ్ళు కూర్చోరు. మామయ్య పోయాక ఇంటి పెద్ద ఆవిడే కాబట్టి నిలబడి చెప్పనిచ్చారు. ఫోను పెట్టి వినిపించింది. అసిరయ్య తల ఎత్తలేదు. మిగతావాళ్ళు గుసగుసలాడుకుని, కుర్రవాడు దండుగ కడతాడు, మీ కోడలు కొన్నాళ్ళు చీకటి షిఫ్టు మానుకుంటే ఊరికి మంచిది అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకాయన గొణిగాడు. నేను గుమ్మం బయట నిలబడి అంతా విన్నాను.

“దేవికీ ఇదే తీర్పు సెప్పినారు,” అంది అత్త. “ఆ గుంట ఇంట్లో కూకున్నాది. ఆ గుంటడు రోడ్డు మీద ఉన్నాడు. మీ దండుగ నాకొద్దు. నా కోడలు పన్లోకి ఎల్తాది.”

కట్టుబాటు దాటితే ఏమవుతుందో గుర్తుచేశారు. పడవ లాగడానికి మనుషులు రారన్నారు. తన కొడుకు గుజరాత్‌లో ఉన్నాడని, పడవ ఎలాగూ ఒడ్డునే ఉందని, కావాలంటే ఇంకో ఏడాది ఉంటుందని చెప్పి ఫోను కొంగులో కట్టుకుని వచ్చేసింది.

నా కట్టు విప్పిన మర్నాడు చీకటితోనే లేచింది. సైకిలు తియ్యి, పోలీస్ స్టేషన్‌కి పోదామంది. ఆటోలో పోదామంటే ఒప్పుకోలేదు. అదే రోడ్డు మీద, అదే వేళకి పోవాలంది. నా వెనక క్యారియర్ మీద కూర్చుంది. చేతి నొప్పితో, ఆవిడ బరువుతో సరుగుడు తోటలు దాటేసరికి నాకు చెమటలు పోశాయి. ఎవరూ రాలేదు. వచ్చినా నాకు వినపడేది కాదు, దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. గంప నెత్తిన పెట్టుకుని ఇదే రోడ్డు మీద నడిచే రోజుల్లో తన వెనక కూడా ఒకడు వచ్చేవాడని, ఎవరికీ చెప్పలేదని, అప్పటికి మీ బావ చంటిపిల్లవాడని చెప్పింది. చెప్పి, బేగి తొక్కమంది.

స్టేషన్లో కంప్లైంటు రాసుకున్నారు, రికార్డు కాపీ తీసుకున్నారు. ఆ సాయంత్రమే శివాజీని పిలిపించారు. కేసు ఎక్కడిదాకా పోతుందో తెలియదు. ఊళ్ళో మా ఇంటికి దండుగ వేశారు, తాతమ్మ తప్ప వీధిలో ఎవరూ పలకరించడం లేదు. అది కష్టంగానే ఉంది, లేదని అబద్ధమాడను. మీ బావకి అత్తే ఫోన్ చేసి చెప్పింది. మొన్న పొద్దుపోయాక దేవి వెనక గుమ్మం నుంచి వచ్చి, ఫ్యాక్టరీలో మళ్ళీ తీసుకుంటారా అని అడిగింది. అడిగి చూస్తానన్నాను.

నేను మొదటి షిఫ్టుకే పోతున్నాను. నువ్వు తెచ్చిన కొత్త చిప్ వేశాను. చూసినవాటిని చెరిపేస్తున్నాను, స్టేషన్‌కి వెళ్ళిన రోజుది తప్ప. అందులో ఇంటి దగ్గర్నుంచి స్టేషన్‌దాకా అత్త చీర తప్ప ఇంకేమీ కనపడదు. అది మాత్రం చెరపను.

నీ అప్ప,
హేమ